ఏడాదికి 48 టన్నుల కారం ఆర్డర్: ఈ షరతులతో ఒప్పుకోవచ్చా?

పొడిమిల్లు (గుంటూరు జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మిర్చి యార్డుకు దగ్గరలో నాకు చిన్న కారం మిల్లు ఉంది. యంత్రాల సామర్థ్యం నెలకు 10 టన్నులు. మామూలు నెలల్లో 6 టన్నులు ఆడించి, చుట్టుపక్కల కిరాణా కొట్లకు, ఇద్దరు డీలర్లకు కిలో రూ.230 చొప్పున ఇస్తున్నాను. డబ్బు ఇరవై రోజుల్లో చేతికి వస్తుంది.

ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక సూపర్ మార్కెట్ సంస్థ, తన సొంత పేరుతో అమ్ముకోవడానికి నెలకు 4 టన్నులు కావాలని అడుగుతోంది. వారి షరతులు ఇవి. ధర కిలో రూ.188, జీఎస్టీ అదనం. ఏడాది పొడవునా ఇదే ధర. బిల్లు తేదీ నుంచి 90 రోజులకు చెల్లింపు. నాణ్యత బాగా లేదని వారికి అనిపిస్తే బిల్లులో 5 శాతం వరకు కోసుకునే హక్కు వారికి ఉంటుంది.

నా ఖర్చులు ఇలా ఉన్నాయి. మిర్చి క్వింటాలు రూ.14,000కు కొంటున్నాను. తొడిమలు, తాలు, తేమ పోగా 100 కిలోల కాయకు 90 కిలోల కారం వస్తుంది కాబట్టి, కిలో కారంలో కాయ ఖరీదే రూ.155.60 అవుతోంది. తొడిమలు తీసే కూలి రూ.6, కరెంటు రూ.3, ప్యాకింగ్ రూ.7, హైదరాబాద్ రవాణా రూ.3. వీటికి తోడు అద్దె, ఇద్దరి జీతాలు, యంత్రం వాయిదా కలిపి నెలకు లక్షన్నర. 6 టన్నుల మీద పంచితే కిలోకు రూ.25 పడుతుంది. మొత్తం రూ.199.60. అంటే రూ.188కి ఇస్తే కిలోకు రూ.11.60 నష్టమన్నమాట. మా అబ్బాయి మాత్రం లాభమే అంటున్నాడు. ఎవరి లెక్క సరైనదో చెప్పగలరు.

ఖాతాపుస్తకం (విజయవాడ)

మొదటి మెట్టు వరకు మీ అబ్బాయి లెక్కే సరైనది. ఆ లక్షన్నర ఈ ఆర్డర్ తీసుకున్నా కట్టాలి, తీసుకోకపోయినా కట్టాలి. ఒక నిర్ణయం వల్ల మారని ఖర్చును ఆ నిర్ణయం నెత్తిన వేయకూడదు. యంత్రం వాయిదా అయితే ఎప్పుడో తీసుకున్న నిర్ణయానికి ఇప్పుడు కడుతున్న డబ్బు. కాబట్టి ఈ ఆర్డర్ వల్ల కొత్తగా పెరిగే ఖర్చు కిలోకు రూ.174.60 మాత్రమే. రూ.188లో అది పోగా రూ.13.40 మిగులుతుంది. నెలకు 4,000 కిలోల మీద రూ.53,600.

అయితే ఆ రూ.13.40 మీ చేతికి 90 రోజుల తర్వాత వస్తుంది, ఖర్చు మాత్రం ఈ రోజే పెడతారు. మీ సీసీ ఖాతా (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) మీద వడ్డీ 12 శాతం అనుకుంటే, రూ.174.60 మీద మూడు నెలలకు రూ.5.24. ఇక నాణ్యత కోత. 5 శాతం వరకు హక్కు రాసుకున్నవారు సగటున 2 శాతమైనా వాడుకుంటారనుకుందాం, అది రూ.3.76. ఈ రెండూ తీసేస్తే చివరికి మిగిలేది కిలోకు రూ.4.40.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇది కాదు. నెలకు 4 టన్నులంటే దాదాపు రూ.7 లక్షల పెట్టుబడి. మూడు నెలల సరుకు ఎప్పుడూ బయటే ఉంటుంది కనుక రూ.21 లక్షలు నిరంతరం వారి దగ్గర ఇరుక్కుని ఉంటాయి. మీ సీసీ లిమిట్ ఎంత? పైగా 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకులు సాధారణంగా డ్రాయింగ్ పవర్ (లిమిట్‌లో ఎంత వాడుకోవచ్చన్న) లెక్కలోకి తీసుకోవు. వారు ఒక్క పది రోజులు ఆలస్యం చేసినా, ఆ బిల్లులు మీకు లేనట్టే లెక్క. జీఎస్టీ సంగతి కూడా ఉంది. డబ్బు రాకపోయినా మరుసటి నెల రిటర్నులో పన్ను కట్టవలసింది మీరే.

పొడిమిల్లు

లిమిట్ రూ.15 లక్షలు, అండి. అందులో సగం పైగా ఇప్పటికే వాడకంలో ఉంది. మీరు చెప్పేదాకా రూ.21 లక్షల సంగతి నాకు తట్టలేదు. కిలోకు ఎంత మిగులుతుందన్నదే చూస్తూ కూర్చున్నాను.

కిరాణా కొట్టు (కాజీపేట)

ఖాతాపుస్తకం గారి లెక్కను కాదనను కానీ, కొట్టు నడిపేవాడిగా ఒక మాట చెప్పాలి. స్థిర ఖర్చు ఈ ఆర్డర్‌కు వర్తించదు అని ప్రతి ఆర్డర్ దగ్గరా అనుకుంటూ పోతే, చివరికి ఆ లక్షన్నర కట్టేవారు ఎవరూ మిగలరు. మిగులు సామర్థ్యాన్ని తక్కువ ధరకు అమ్మడం మంచిదే, కానీ ఆ తక్కువ ధర మీ పాత ఖాతాదారుల చెవిన పడనంత వరకే. మీ కారమే వేరే పేరుతో, మీది అమ్మే ఊళ్లోనే, మీకంటే తక్కువ ధరకు అల్మారాలో నిలబడితే మీ డీలర్లు రూ.230 ఎందుకు ఇస్తారు? ఆ సంస్థకు మీ జిల్లాలో దుకాణాలు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. మీ 6 టన్నుల మీద కిలోకు ఏడు రూపాయలు తగ్గించవలసి వచ్చినా నెలకు రూ.42,000 పోతాయి. రూ.4.40 చొప్పున 4 టన్నుల మీద మీకు వచ్చేది రూ.17,600.

గణాంకాల పంతులు (వరంగల్)

పై లెక్కలన్నీ మిర్చి క్వింటాలు రూ.14,000 దగ్గరే ఏడాదంతా నిలబడుతుందనే ఊహ మీద ఆధారపడి ఉన్నాయి. ఆ ఊహను ఒక్కసారి కదిపి చూద్దాం. కిలో కారానికి మిగిలేది రూ.4.40. కిలో కారానికి 1.11 కిలోల కాయ కావాలి కాబట్టి, కాయ ధర కిలోకు రూ.3.96, అంటే క్వింటాలుకు దాదాపు రూ.400 పెరిగితే ఆ మిగులు సున్నా. రూ.14,400 దాటిన ప్రతి రోజూ మీరు చేతి డబ్బు వేసి వారికి కారం ఆడించి ఇస్తున్నట్టు.

ఆ రూ.400 పెద్ద దూరమా అంటే, గడిచిన కొన్నేళ్లు గుర్తు చేసుకోండి. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను తినేసిన తర్వాత ధరలు ఎక్కాయి. 2023లో తేజ రకం క్వింటాలు రూ.20 వేలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరి నాటికి ఎంత పడిపోయిందంటే, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రూ.11,781గా ధర నిర్ణయించవలసి వచ్చింది. రెండేళ్లలో ఎనిమిది వేలకు పైగా ఊగిన సరుకు మీద, నాలుగు వందల మిగులుతో ఏడాది స్థిర ధర రాసిస్తున్నారు.

సగటు ధర చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. సగటు రూ.14,000 అయిన సంవత్సరంలోనే నాలుగు నెలలు రూ.17,000 ఉండవచ్చు, ఆ నాలుగు నెలల్లో మీ సీసీ ఖాతా నిండిపోతే మిగతా ఎనిమిది నెలల చవక ధర మీకు అందదు.

యార్డు కమీషన్ (గుంటూరు)

పంతులు గారు చెప్పినది నూటికి నూరు పాళ్లు నిజం. వారం రోజుల్లో మూడు నాలుగు వందల తేడా రావడం మాకు వింత కాదు. అందుకే సీజన్‌లోనే, కాయ కళ్లాల నుంచి విరివిగా వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏడాదికి సరిపడా కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవడం మంచిదని నా సలహా. ఏసీ కాయకు, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయకు, అక్టోబరు నాటికి మంచి రేటు వస్తుంది. నేను చూసిన సంవత్సరాల్లో ఎక్కువసార్లు వచ్చింది.

గణాంకాల పంతులు

మీ అనుభవం పట్ల నాకు గౌరవం ఉంది, కానీ రెండు విషయాలు చూడాలి. మొదటిది, ధర పెరగడం చాలదు, నిల్వ ఖర్చును మించి పెరగాలి. క్వింటాలు రూ.14,000 మీద ఆరు నెలలకు 12 శాతం చొప్పున వడ్డీ రూ.840. 40 కిలోల టిక్కీకి (మిర్చి బస్తాకు) సీజన్ అద్దె రూ.200 వేసుకున్నా క్వింటాలుకు రూ.500. బీమా, తరుగు పక్కన పెట్టినా అక్టోబరులో రూ.15,340 పలికితే గానీ మీరు కొన్న చోటే ఉన్నట్టు కాదు. రూ.15,000 పలికిన సంవత్సరాన్ని మనం లాభం వచ్చిన సంవత్సరంగా గుర్తు పెట్టుకుంటాం. లెక్క ప్రకారం అది నష్టం.

రెండవది, ఎనిమిదేళ్ల నెలవారీ ధరలు రాసి పెట్టుకున్నారనుకోండి, అవి 96 అంకెలు కావచ్చు గానీ, సీజన్లు మాత్రం ఎనిమిదే. ఆ ఎనిమిదింటిలో ఐదుసార్లు ధర పెరిగిందనుకుందాం. నాణెం ఎగరేసినా ఎనిమిదిలో ఐదు లేదా అంతకు మించి బొమ్మలు పడే అవకాశం 36 శాతం ఉంటుంది. అంత తక్కువ ఆధారం మీద అప్పు చేసి సరుకు నింపలేం. పైగా 48 టన్నుల కారానికి 533 క్వింటాళ్ల కాయ కావాలి. రూ.74 లక్షల పైమాటే. రూ.15 లక్షల లిమిట్ ఉన్నవారికి ఇది పనికొచ్చే మార్గం కాదు.

ధర భయాన్ని మీరు మోయకుండా ఒప్పందంలోనే పంచుకోవచ్చు. నెలవారీ యార్డు సగటు ధర క్వింటాలుకు రూ.100 మారితే కారం ధర కిలోకు రూ.1.11 మారాలని ఒక వాక్యం రాయించండి. తగ్గినప్పుడు వారికి లాభం కనుక అడగడంలో తప్పు లేదు. ఏ రకం కాయ, ఏ రోజుల సగటు అన్నది స్పష్టంగా రాయాలి. తేజ రకానికీ 334 రకానికీ ధరలు ఒకేలా నడవవు.

ఊరగాయలు (రాజమహేంద్రవరం)

తమ్ముడూ, ఒక్క ప్రశ్న. ఆవకాయ రోజుల్లో నీ దగ్గర ఎంత అమ్ముడవుతుంది? మామూలు నెలల సంగతి మాత్రమే రాశావు.

పొడిమిల్లు

అక్కా, ఏప్రిల్, మే నెలల్లో 9 టన్నుల వరకు పోతుంది. ఆ రెండు నెలలు రెండు షిఫ్టులు నడుపుతాం.

ఊరగాయలు

అయితే ఆ రెండు నెలలు నీ మిల్లులో ఖాళీ ఉన్నది ఒక్క టన్నే. వాళ్లకు నాలుగు ఇవ్వాలంటే మూడు టన్నులు నీ పాత ఖాతాదారుల నోటి దగ్గర నుంచి తీసి ఇవ్వాలి. రూ.230కి అమ్మితే కిలోకు నీకు ఎంత మిగులుతుందో ఖాతాపుస్తకం గారు చెబుతారు. ఆవకాయ కలిపే వారం కారం దొరకని ఇల్లాలు మళ్లీ నీ కొట్టు వైపు రాదు, ఆ నష్టం ఏ లెక్కలోనూ కనపడదు.

చెల్లింపుల గురించి నా అనుభవం కూడా చెబుతాను. మూడేళ్ల కిందట ఒక దుకాణాల సంస్థకు ఊరగాయలు ఇచ్చాను. కాగితం మీద 60 రోజులు, చేతికి వచ్చింది 140వ రోజున. ఆ మధ్యలో నువ్వుల నూనె కొనడానికి గాజులు తాకట్టు పెట్టాను. పండ్లు, నూనె, కారం ఇచ్చినవాళ్లకు నేను వారం రోజుల్లో కట్టాలి కదా. లాభం వచ్చే వ్యాపారంలోనే డబ్బు లేక ఆగిపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఖాతాపుస్తకం

అమ్మగారు అడిగిన ప్రశ్న నేను అడగవలసింది. స్థానికంగా అమ్మే కారానికి హైదరాబాద్ రవాణా లేదు కనుక పెరిగే ఖర్చు రూ.171.60. ఇరవై రోజుల వడ్డీ కూడా తీసేస్తే కిలోకు దాదాపు రూ.57 మిగులుతుంది. రెండు నెలల్లో 6,000 కిలోలు వదులుకుంటే రూ.3.42 లక్షలు పోతాయి. సంస్థకు ఏడాదంతా ఇచ్చినా రూ.4.40 చొప్పున 48,000 కిలోల మీద వచ్చేది రూ.2.11 లక్షలు. మిర్చి ధర ఒక్క రూపాయి కూడా కదలకపోయినా, ఇప్పుడున్న షరతులతో ఏడాది చివర మీరు లక్షా ముప్పై వేలు వెనక ఉంటారు. ఖాళీ సామర్థ్యం ఉన్నప్పుడే కొత్త ఖర్చు లెక్క చెల్లుతుంది. ఖాళీ లేని నెలల్లో వదులుకున్న అమ్మకమే అసలు ఖర్చు. నా మొదటి జవాబును ఆ మేరకు సరిదిద్దుకుంటున్నాను.

న్యాయవాది (నరసరావుపేట)

ఇంతవరకు అందరూ 90 రోజులను మార్చలేని షరతుగా తీసుకున్నారు. చట్టం అలా అనడం లేదు. మీకు సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి గడువు పెట్టుకోవడానికి వీల్లేదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. 90 రోజులని ఇరువైపులా సంతకాలు చేసినా ఆ మాట చెల్లదు, ఎందుకంటే దీనికి విరుద్ధమైన వాటన్నిటి మీదా ఈ చట్టానిదే పైచేయి అని 24వ సెక్షన్ చెబుతోంది. ఆలస్యం చేస్తే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. బ్యాంకు రేటు 6.75 శాతం ఉన్న 2023-24లో అది 20.25 శాతం అయింది.

మీ ఉద్యమ్ పత్రాన్ని ఒకసారి తీసి చూడండి. అందులో కార్యకలాపం తయారీ అని ఉందా, వ్యాపారం అని ఉందా? కొని అమ్మే వ్యాపారులకు ఈ ఆలస్యపు చెల్లింపుల రక్షణ వర్తించదు. కాయ కొని కారం ఆడించడం తయారీయే, కానీ ఎవరో కంప్యూటర్ సెంటర్‌లో తొందరగా నింపిన దరఖాస్తులో వ్యాపారం అని పడి ఉండడం నేను చాలాసార్లు చూశాను. ఒప్పందం మీద సంతకం చేయకముందే అది సరిచేయించాలి. తర్వాత చేయించుకున్న రిజిస్ట్రేషన్ పాత ఒప్పందాన్ని కాపాడుతుందని నమ్ముకోకూడదు.

5 శాతం కోత గురించి. సరుకు అందిన 15 రోజుల్లోగా కొన్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు చట్టం భావిస్తుంది. గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది. కాబట్టి మూడు నెలల తర్వాత రంగు తగ్గిందని డెబిట్ నోట్ (బిల్లులో కోత చీటీ) పంపడానికి ఆస్కారం లేకుండా ఒప్పందంలో ఈ 15 రోజుల మాట స్పష్టంగా పెట్టించండి. నమూనా చూపి అమ్మినప్పుడు సరుకు ఆ నమూనాకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది కనుక, ప్రతి లోడుకు మూడు నమూనాలు సీలు వేయండి. ఒకటి మీ దగ్గర, ఒకటి వారి దగ్గర, మూడవది ఇద్దరూ ఒప్పుకున్న ప్రయోగశాలలో. తేమ 11 శాతం మించకూడదన్న ఆహార భద్రతా ప్రమాణం ఎలాగూ ఉంది, రంగు, ఘాటు అంకెలు మీరు రాసుకోవాలి.

కిరాణా కొట్టు

న్యాయవాది గారూ, చట్టం మంచిదే. కానీ ఆలస్యపు చెల్లింపుల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టిన మరునాడు ఆర్డర్ ఆగిపోతుంది. ఆ భయంతోనే మాలాంటివారు నోరు మెదపరు.

న్యాయవాది (నరసరావుపేట)

ఆ భయం నిజమైనదే, దాన్ని నేను తీసిపారేయను. ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతోంది. అయితే ఇప్పుడు కొనేవారి వైపు నుంచే ఒక ఒత్తిడి ఉంది. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్) ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటిపోయిన బాకీని మార్చి 31లోగా కట్టకపోతే ఆ సంవత్సరం దాన్ని ఖర్చుగా చూపుకోలేరు. కట్టిన సంవత్సరంలోనే చూపుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ నంబరు మారింది. మీరు మాట్లాడవలసింది వారి కొనుగోలు మేనేజర్‌తో కాదు, వారి అకౌంట్స్ విభాగంతో. రూ.90 లక్షల కొనుగోలు మీద ఈ చిక్కు వారికి వెంటనే అర్థమవుతుంది. 2024 మొదట్లో ఇదే నిబంధన మీద బట్టల వ్యాపారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, రిజిస్ట్రేషన్ లేనివారి దగ్గరకు ఆర్డర్లు పోతాయని చిన్న సంస్థలు భయపడ్డాయి. కాబట్టి ఈ మాటను బెదిరింపులా కాకుండా, ఇద్దరికీ ఇబ్బంది లేని గడువుగా చెప్పండి.

ఖాతాపుస్తకం

ఇంకొక దారి కూడా ఉంది. టర్నోవర్ రూ.250 కోట్లు దాటిన కంపెనీలు ట్రెడ్స్ (చిన్న సంస్థల బిల్లుల మీద బ్యాంకులు ముందుగా డబ్బు ఇచ్చే ఆన్‌లైన్) వేదికలో నమోదు కావాలని కేంద్రం 2024 నవంబరులో ఆదేశించింది. ఈ సంస్థ ఆ పరిమాణంలో ఉంటే, వారు మీ బిల్లును అక్కడ ఆమోదించిన వెంటనే బ్యాంకులు పోటీపడి వడ్డీ కోసుకుని డబ్బు ఇస్తాయి. రేటు వారి పరపతిని బట్టి ఉంటుంది, మీ పరపతిని బట్టి కాదు. వారు తర్వాత కట్టకపోయినా బ్యాంకు మీ మీదకు రాదు.

45 రోజులకు తగ్గితే వడ్డీ రూ.2.62 మాత్రమే, ఇరుక్కునే డబ్బు రూ.10.5 లక్షలు. కిలోకు మిగిలేది రూ.7.02. ఏప్రిల్, మే నెలల్లో 1 టన్ను చాలని ఒప్పిస్తే ఏడాదికి 42,000 కిలోల మీద రూ.2.95 లక్షలు వస్తాయి, పాత ఖాతాదారులు ఎక్కడికీ పోరు. అప్పుడు కూడా మీ లిమిట్ చాలదు కనుక ట్రెడ్స్ లేకపోతే 3 టన్నులతో మొదలుపెట్టండి.

గణాంకాల పంతులు

నమూనాల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. మీరు కాయ కొనేటప్పుడు 200 టిక్కీల లాటులో మూడు విప్పి చూసి సరే అంటారు కదా. పది శాతం టిక్కీల్లో తేమ ఎక్కువగా ఉన్నా, ఆ మూడూ బాగుండే అవకాశం 73 శాతం. పది విప్పితే 34 శాతం, ఇరవై విప్పితే 11 శాతం. విప్పేవి మీరే ఎంచుకోండి, పైవరుసలో ఉన్నవి కాకుండా. ఇంతవరకు రూ.230కి అమ్మినప్పుడు ఆ తేడాను మీరు భరించగలిగారు. ఏడు రూపాయల మిగులులో దానికి చోటు లేదు.

యార్డు కమీషన్ (గుంటూరు)

నిజమే. పైన ఎర్రగా గలగలలాడుతూ ఉండి, టిక్కీ నడుము దాకా చెయ్యి దించితే చల్లగా మెత్తగా తగిలే లాటులు సీజన్ మొదట్లో చాలా వస్తాయి. అలాంటి కాయ మిల్లులో వేస్తే జల్లెడ మూసుకుపోతుంది, 90 కిలోలు రావలసిన చోట 87 వస్తుంది. నిల్వ మీద నేను ఇచ్చిన సలహాను కూడా సవరించుకుంటున్నాను. ఏడాదికి కాదు, ఒప్పందంలో ధర ఎన్ని వారాలకు ఒకసారి మారుతుందో అన్ని వారాలకు సరిపడా మాత్రం కొని పెట్టుకోండి.

పొడిమిల్లు

అందరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. జరిగినది చెబుతాను. ఉద్యమ్ పత్రం తీసి చూస్తే న్యాయవాది గారు అనుమానించినట్టే అందులో వ్యాపారం అని ఉంది. సవరణకు దరఖాస్తు పెట్టి, తయారీగా మారిన పత్రం చేతికి వచ్చాకే హైదరాబాద్ వెళ్లాను. 45 రోజులకు వారి అకౌంట్స్ అధికారి రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు. కొనుగోలు మేనేజర్ మొదట 60 అన్నారు, ఆయనకు సర్దిచెప్పింది కూడా ఆ అధికారే. ధరను నెలనెలా మార్చడానికి ఒప్పుకోలేదు, రెండు నెలలకు ఒకసారి యార్డు 334 సగటును బట్టి మారేలా రాసుకున్నాం. కోత 15 రోజుల్లో ప్రయోగశాల నివేదికతో మాత్రమే. ట్రెడ్స్‌లో వారు ఇంకా నమోదు కాలేదు.

ఏప్రిల్, మే విషయంలో మాత్రం వారు దిగలేదు. నాలుగు టన్నులు కావాల్సిందే అన్నారు. అందుకే జూన్ నుంచి ఫిబ్రవరి వరకు తొమ్మిది నెలలకే, నెలకు 3 టన్నుల చొప్పున సంతకం చేశాను. మా జిల్లాలో వారికి ఒక్క దుకాణమే ఉంది, దాని గురించి నా ఇద్దరు డీలర్లకు నేనే ముందుగా చెప్పాను. ఒకరు ఏమీ అనలేదు. రెండవ ఆయన కిలోకు మూడు రూపాయలు తగ్గించమని అడిగారు, ఇంకా జవాబు ఇవ్వలేదు.

మొదటి లోడు కోసం నిన్న యార్డులో 60 టిక్కీల లాటు చూశాను. పన్నెండు విప్పించాను, రెండింటిలో చెయ్యి చల్లగా తగిలింది. లాటు వదిలేసి వచ్చాను. సోమవారం మళ్లీ వెళుతున్నాను.